సింహళం వెళ్తున్న బుజ్జికి



మిరిస్సలో సముద్రం, గాలేలో కోట, ఆఖర్న “వీలైతే రెండు మూడు బౌద్ధ గుళ్ళు” అని మీరంతా కలిసి రాసుకున్న కాగితం మీ అమ్మ నాకు పంపించింది. సముద్రం సంగతి నేను చెప్పేదేమీ లేదు. వయసులో ఉన్నారు, హాయిగా ఈదండి. ఈ ఉత్తరం ఆ ఆఖరి ముక్క గురించే. ఆ “వీలైతే” కొట్టెయ్యి తల్లీ. కృష్ణ ఒడ్డున పుట్టిన పిల్లవి. మిగతా యాత్రికులకు పట్టని సంగతి ఒకటి ఆ దీవిలో నీకు పట్టాలని నా కోరిక.

అమరావతి స్తూపం నువ్వు చూసిందే కదా. పచ్చగడ్డి మధ్య గుండ్రటి దిబ్బ, చుట్టూ విరిగిన పలకలు. 1797లో కల్నల్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికే ఇళ్ళ కోసం, గుళ్ళ కోసం ఆ రాళ్ళను తవ్వుకుపోతున్నారు. కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. మిగిలిన మేలైన శిల్పాలు చాలావరకు మద్రాసు మ్యూజియంలో, లండన్‌లో ఉన్నాయి. నాగార్జునకొండ లోయ సాగర్ నీళ్ళ కింద ఉంది. దక్కినవాటిని కొండ మీదికీ, అనుపుకీ తరలించి నిలబెట్టారు. ఇదంతా నిలబడి, మనుషులతో నిండి ఉన్నప్పుడు ఎలా ఉండేదో మనం ఊహించుకోవలసిందే అనుకుంటాం. ఊహించుకోనక్కర్లేదు. అనురాధపురంలో రువన్వెలిసాయ ముందు నిలబడు.

క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో దుట్టగామణి రాజు కట్టించడం మొదలుపెట్టిన స్తూపం అది. శిథిలమై అడవి పెరిగిపోతే ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ ఎత్తి నిలబెట్టారు. నూరు మీటర్ల పైచిలుకు ఎత్తున తెల్లగా నిలబడి ఉంటుంది. ప్రాకారం చుట్టూ వరసగా ఏనుగుల తలలు. నాలుగు దిక్కులా స్తూపాన్ని ఆనుకుని ముందుకు వచ్చిన రాతి కట్టడాలు కనిపిస్తాయి; వాటిని వాహల్కడ అంటారు. అక్కడ కాసేపు ఆగు. మన అమరావతిలో, నాగార్జునకొండలో నాలుగు దిక్కులా ఐదేసి స్తంభాలతో ఉండిన ఆయక వేదికలకు అవి దగ్గరి చుట్టాలని పురావస్తు పండితులు ఎప్పటినుంచో చెబుతున్నారు. మన పల్నాటి సున్నపురాతి శిల్పాలు కూడా ఆ దీవిలో తవ్వకాల్లో దొరికాయి. ఓడలెక్కి వెళ్ళిన రాళ్ళవి!

రాళ్ళకంటే మనుషుల్ని చూడమంటాను. తెల్లబట్టలు కట్టుకున్న అవ్వలు, చంటిపిల్లల తల్లులు, బడిపిల్లలు చేతుల్లో తామరలు పట్టుకుని ప్రదక్షిణ చేస్తుంటారు. కొన్ని రోజుల్లో ఊరంతా కలిసి పొడవాటి వస్త్రం మోసుకొచ్చి స్తూపం చుట్టూ కడతారు. అమరావతి పలకల మీద మన శిల్పులు చెక్కిన దృశ్యాలు గుర్తున్నాయా? స్తూపం చుట్టూ చేతులు జోడించిన ఆడవాళ్ళు, మగవాళ్ళు, పూలదండలు మోసేవాళ్ళు. మన దగ్గర ఆ భక్తులు రాతిలోనే మిగిలారు. అక్కడ నీ పక్కనే నడుస్తారు. ఆ తేడా ఒక్కటి నీ మనసుకు తాకితే చాలు, మీరు పెట్టిన విమానం ఖర్చుకు న్యాయం జరిగినట్టే.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. అక్కడ ఎవరితోనూ “ఇదంతా మా నుంచి వచ్చిందే” అనకు. మనవాళ్ళకు ఆ గొప్ప చెప్పుకునే అలవాటుంది. నిజానికి రాకపోకలు రెండు వైపులా సాగాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి కాలంలో, అంటే క్రీస్తుశకం మూడో శతాబ్దంలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఉంది. అందులో తామ్రపర్ణి, అంటే ఆ దీవి, ఆచార్యుల ప్రస్తావన ఉంది, సింహళ విహారం పేరు ఉంది. ఆ దీవి భిక్షువులకు మన లోయలో సొంత నివాసం ఉండేదన్నమాట. ఐదో శతాబ్దంలో బుద్ధఘోషుడు అనురాధపురం మహావిహారానికి వెళ్ళింది అక్కడివాళ్ళకు నేర్పడానికి కాదు. సింహళంలో భద్రంగా ఉన్న వ్యాఖ్యానాలను పాళీలోకి తేవడానికి వెళ్ళాడు. ఆయన మన ప్రాంతంవాడని వాదించిన పండితులున్నారు, బోధగయ దగ్గర పుట్టాడని అక్కడి వంశకథ చూళవంశం చెబుతుంది. ఎక్కడివాడైనా వెతుక్కుంటూ వెళ్ళింది అక్కడికే.

అశోకుడి సంగతి ఇంకా విచిత్రం. మన ఎర్రగుడి బండల మీదా, దేశమంతటా శాసనాలు వేయించిన ఆ “ప్రియదర్శి” ఎవరో 1830ల దాకా ఇక్కడ ఎవరికీ తెలియదు. సింహళంలో పనిచేసిన జార్జ్ టర్నర్ అనే ఆంగ్ల ఉద్యోగికి 1826లో అక్కడి పాళీ వంశకథ మహావంశానికి రాసిన వ్యాఖ్యానం దొరికింది. ఆయన ఆ దీవి పాళీ వంశకథలు చదివి చెప్పాక, 1837లో ప్రియదర్శే అశోకుడని తేలింది. మన చక్రవర్తి ఊరూపేరూ మనకు తిరిగి దక్కింది వాళ్ళు దాచిన తాళపత్రాల వల్ల. ఆ వ్యాఖ్యానం దొరికిన ముల్కిరిగల గుహాలయం మీరు దిగే దక్షిణ తీరానికి దగ్గరే. పెద్ద బండ, మెట్లెక్కాలి, జనం తక్కువ. మిరిస్స నుంచి ఒక పూటలో చూసి రావచ్చు. దారిలో దిక్వెల్ల దగ్గర వెవురుకన్నల విహారంలో ఎత్తయిన కూర్చున్న బుద్ధవిగ్రహం ఉంటుంది, అందరూ అక్కడే ఆగి ఫోటో దిగుతారు. మీరూ ఆగండి, కానీ ముల్కిరిగలకు వేళ మించిపోకుండా చూసుకోండి.

క్యాండీలో దళదా మాళిగావకు పూజ వేళకే వెళ్ళు. రోజుకు మూడు పూజలు: తెల్లవారుజామున, పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో, సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో. డప్పులూ సన్నాయీ మోగుతుండగా లోపలి గది తలుపు తెరుస్తారు. బుద్ధుడి దంతధాతువు కనిపించదు, దాన్ని దాచిన బంగారు కరండం మాత్రం కొన్ని క్షణాలు కనిపిస్తుంది. ఆ కొన్ని క్షణాల కోసం గంటసేపు నిలబడ్డ ముసలివాళ్ళను తోసుకుని ముందుకు వెళ్ళకండి. క్యాండీని 1739 నుంచి 1815 దాకా ఏలినవాళ్ళు మదురై వైపు నుంచి వెళ్ళిన, తెలుగు మూలాలున్న నాయకర్ వంశం వాళ్ళు. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు పుట్టుకతో శైవుడు. అయినా దీవిలో ఉపసంపద పరంపర తెగిపోయి, దీక్ష ఇవ్వగల భిక్షువులే లేని రోజుల్లో సయాం నుంచి ఉపాలి థేరుణ్ణి పిలిపించి 1753లో దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. దంబుల్ల గుహల్లో నువ్వు చూసే రంగుల చిత్రాల్లో చాలావరకు ఆయన కాలం నాటివే. మాళిగావ ముందున్న ఎనిమిది పలకల మండపం, పక్కనున్న చెరువు చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు కట్టించినవి. తాము పుట్టిన మతం కాకపోయినా, తాము ఏలిన ప్రజల మతాన్ని కాపాడినవాళ్ళని వాళ్ళను తలుచుకో.

ఇక పద్ధతులు. తెల్ల చుడీదార్లు ఒకటి రెండు పెట్టుకో. భుజాలు, మోకాళ్ళు కప్పాలి, నీ స్నేహితులకూ చెప్పు. చెప్పులూ టోపీలూ బయటే వదలాలి. మధ్యాహ్నం అనురాధపురం రాళ్ళు పెనంలా కాలిపోతాయి, అందుకని సాక్సులు ఉంచుకో. అవి వేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. అసలు తెల్లవారకముందో, పొద్దు వాలాకో వెళ్ళడం మేలు. పూలు అక్కడే కొనుక్కో. మన గుళ్ళో లాగే వాసన చూడకుండా అర్పించాలి. కొబ్బరినూనె దీపం పెట్టవచ్చు. తీర్థం, ప్రసాదం ఇస్తారని చెయ్యి చాపకు, అక్కడ ఆ ఆచారం లేదు. భిక్షువు ఎదురైతే చేతులు జోడించు, చెయ్యి కలపకు. ఆడవాళ్ళు వాళ్ళను తాకకూడదు. ఏదైనా ఇవ్వాలంటే బల్ల మీదో, చాప మీదో పెట్టు. బస్సులో ముందు సీట్లు భిక్షువులవి, ఖాళీగా ఉన్నాయని కూర్చోవద్దు.

ఫోటోల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. బుద్ధుడికి వీపు పెట్టి ఫోటో దిగకూడదు. విగ్రహాలతో వేషాలు వెయ్యకూడదు. 2012లో విగ్రహాన్ని ముద్దాడుతున్నట్టు ఫోటోలు దిగిన ఫ్రెంచి యాత్రికులకు కోర్టులో శిక్ష పడింది. 2014లో చేతి మీద బుద్ధుడి పచ్చబొట్టు ఉందని ఒక బ్రిటిష్ నర్సును నిర్బంధించి వెనక్కి పంపేశారు. అది అన్యాయమని 2017లో అక్కడి సుప్రీంకోర్టే ఆమెకు పరిహారం ఇప్పించింది. నాకూ అది అన్యాయమనే అనిపిస్తుంది. అయినా మీలో ఎవరికైనా అలాంటి పచ్చబొట్టు ఉంటే కప్పుకోమను. శిక్షకు భయపడి కాదు. వాళ్ళ ఇంటికి వెళ్ళాం, వాళ్ళు నెత్తిన పెట్టుకునేదాన్ని మనం ఆటవస్తువు చేయకూడదు.

విహారంలోనే ఒక పక్కన విష్ణువుకూ, కతరగమ పేరుతో సుబ్రహ్మణ్యస్వామికీ, పత్తిని అమ్మవారికీ చిన్న గుళ్ళు కనిపిస్తాయి. “ఇదేమిటి, మన దేవుళ్ళు ఇక్కడెందుకు” అని వాదానికి దిగకు. విష్ణువు ఆ దీవిలో బౌద్ధధర్మానికి కాపలా దేవుడు. దణ్ణం పెట్టుకుని రా.

మీ తేదీలు ఇంకా ఖాయం కాలేదని మీ అమ్మ అంది. ఐతే ఒక పౌర్ణమి కలిసొచ్చేలా చూసుకో. వాళ్ళు పోయ అంటారు. నెలనెలా దేశమంతటికీ సెలవు, ఆ రోజు మద్యం, మాంసం అమ్మరు. నీ స్నేహితులు ముందు గొణుగుతారేమో. ఆ రాత్రికి మాత్రం అందర్నీ అనురాధపురం తీసుకెళ్ళు. అక్కడి బోధివృక్షం అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన కొమ్మ నుంచి పెరిగిందని వాళ్ళ నమ్మకం; రెండు వేల ఏళ్ళకు పైగా తరతరాలూ దాని వేళ్ళకు నీళ్ళు పోస్తూ వచ్చాయి. చెట్టు కింద ఇసుకలో ఒక పక్కగా కూర్చోండి, ఫోన్లు సంచిలో పెట్టేసి, అక్కడి భక్తులు చదివేది చదవనివ్వండి. పది గుళ్ళు గబగబా చూడడం కంటే అక్కడొక పూట కూర్చోవడమే మంచిదని నా అభిప్రాయం. సిగిరియా వదిలేసుకోవలసి వచ్చినా నాకు అభ్యంతరం లేదు.

అనురాధపురం పాత నగరం టికెట్టు విదేశీయులకు ఎక్కువే. సార్క్ దేశాలవాళ్ళకు తగ్గింపు ఉంటుంది, పాస్‌పోర్ట్ చూపించాలి. వాహల్కడ స్తంభాలను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసి నాకు పంపు. మన అమరావతి మ్యూజియంలోని ఆయక స్తంభాల పక్కన పెట్టి చూసుకోవాలని ఉంది. తిరిగొచ్చాక ఇద్దరం కలిసి ఆ మ్యూజియానికి వెళ్దాం. మీ నాన్నను, అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ పెదనాన్న