చీటీ లేని బండిని మన టెస్టు ఆపిందా?

శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అయినా బోధన్ వైపు పెద్దోళ్లను కదిలిస్తే చెరకు బండ్ల ముచ్చట ఇప్పటికీ చెప్తరు. చెరకు ఫ్యాక్టరీలో పర్మిట్ చీటీ ఉంటేనే బండి కాంటా ఎక్కుతుంది. చీటీ ఇచ్చేది ఆఫీసు, చూసేది కాంటా కాడి మనిషి. ఆయన ప్రతి బండికీ ఆఫీసుకు ఉరకడు. ముద్ర, తేదీ, పేరు చూసి పంపుతడు.

వెబ్ సర్వీసు భద్రత కూడా ఇంతే. ఆఫీసు జాగాలో కీక్లోక్ లాంటి ఆథరైజేషన్ సర్వర్, చీటీ జాగాలో టోకెన్, కాంటా జాగాలో మన సర్వీసు. టోకెన్ మీది సంతకాన్ని సర్వీసు పబ్లిక్ కీతో సరిచూస్తుంది. ఆ తర్వాత గడువు, జారీ చేసిన సర్వర్ చిరునామా, యూజర్ హక్కులు చూస్తుంది. టోకెన్ జారీ చేసే పద్ధతికి ప్రమాణం 2012లో వచ్చిన ఓఆథ్ 2.0. వేరే యాప్ మన పత్రాలు అడిగినప్పుడు డిజిలాకర్ వాడేదీ ఇదే.

మేం చేసిన తప్పు

రైతు తన తూకం చీటీలు, బిల్లు ఫోన్లో చూసుకునే సర్వీసు మా మినీ ప్రాజెక్టు. టెస్టులకు లాగిన్ అడ్డమొస్తుందని టెస్టు సెట్టింగ్‌లో సెక్యూరిటీ తీసేసినం. నలభై టెస్టులూ పచ్చగా వచ్చినయ్. డెమో రోజు ఒక జూనియర్ తన లాగిన్‌తోనే లింకులో రైతు నంబరు మార్చిండు. ఇంకో రైతు బిల్లు తెరుచుకుంది! గేటు పీకేసి, బండ్లు బాగానే పోతున్నయని సంబరపడ్డం.

సరైన పద్ధతి

1. టెస్ట్‌కంటైనర్స్ లైబ్రరీతో కీక్లోక్‌ను డాకర్‌లో లేపండి. యూజర్లు, రోల్స్ ఉన్న ఫైలును అందులోకి ఎక్కించండి. సర్వర్ పూర్తిగా లేచేదాకా టెస్టు ఆగాలి. లేకపోతే ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్.

2. టెస్టే ఆ సర్వర్‌ను అడిగి అసలు టోకెన్ తెచ్చుకోవాలి.

3. సరైన టోకెన్‌కు 200 వస్తే సగం పనే అయినట్టు. టోకెన్ లేకుంటే 401, గడువు దాటితే 401, సంతకం వేరే సర్వర్‌దైతే 401 రావాలి. టోకెన్ మంచిదే కానీ అడిగింది పక్క రైతు బిల్లు అయితే 403 రావాలి. మేం రాయనిది ఈ చివరిదే.

రెండు చిక్కులు

కంటైనర్ ప్రతిసారీ కొత్త పోర్టు తీసుకుంటుంది. టోకెన్‌లో ఉన్న సర్వర్ చిరునామా, మన సెట్టింగ్‌లోది అక్షరం తేడా లేకుండా కలవాలి. కలవకపోతే మంచి టోకెన్‌కూ 401 వస్తుంది. అందుకే ఆ చిరునామాను చేత్తో రాయకుండా, కంటైనర్ లేచాక దాని నుంచే తీసుకోండి.

రెండోది గడువు. గడియారాల తేడా కోసం స్ప్రింగ్ సెక్యూరిటీ మామూలుగా 60 సెకన్లు వెసులుబాటు ఇస్తుంది. 5 సెకన్ల టోకెన్ తీసుకుని 10 సెకన్లు ఆగితే అది ఇంకా చెల్లుతుంది! టెస్టులో ఆ వెసులుబాటును సున్నా చేయండి, లేదా అంతకు మించి ఆగండి.

చివరగా ఒక పని. ఈ రాత్రి మీ ప్రాజెక్టులో సెక్యూరిటీ కోడ్‌ను కాసేపు తీసేసి టెస్టులన్నీ నడపండి. ఒక్కటి కూడా ఎర్రబడకపోతే మీ కాంటా కాడ మనిషి లేనట్టే.