పొలంలోనే నేల నీటి నత్రజని పరీక్ష: విధానం, అన్వయం

పూర్వపు వరంగల్ జిల్లా నుండి 2016 అక్టోబరులో ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో వరి, పత్తి, మొక్కజొన్న, మిరప ముఖ్యమైన పంటలు. తేలికపాటి ఎర్ర చల్క నేలలలో యూరియా నుండి ఏర్పడిన నైట్రేటు, అధిక వర్షం లేదా అధిక తడి వలన వేరు మండలాన్ని దాటి దిగువకు జారుతుంది. ఇందువలన ఎరువు వృథా అగుటయే గాక, బావి నీరు కూడ కలుషితమగును. భారతీయ ప్రమాణం ప్రకారం తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా. మించరాదు. పరిమితి మించిన నీరు పసిపిల్లలకు ప్రమాదకరం.

నమూనా సేకరణ: సూక్ష్మరంధ్రాలు గల పింగాణీ మూతి అమర్చిన గొట్టాలను 30, 60 సెం.మీ. లోతులలో పాతి, లోపలి గాలిని పంపుతో తొలగించిన యెడల నేల నీరు గొట్టంలోకి చేరుతుంది. నీరు కట్టిన మరుసటి దినమున నమూనా తీయుట అనుకూలం. నమూనాను వెంటనే పరీక్షించవలెను.

పరీక్ష: రంగు పట్టీపై నైట్రేటు నైట్రైటుగా మారి గులాబీ రంగునిస్తుంది. తయారీదారు సూచించిన సమయానికే రంగును పోల్చవలెను. నైట్రేటు ఎలక్ట్రోడు గల చేతి మీటరును వాడినచో, ప్రతి పూట ప్రామాణిక ద్రావణాలతో సరిచూడవలెను. ఉప్పు నీటిలోని క్లోరైడు దాని రీడింగును ప్రభావితం చేస్తుంది.

లెక్క: పరికరం చూపునది నైట్రేటా, నైట్రేటు రూపంలోని నత్రజనియా అన్నది ముందుగా గుర్తించవలెను. లేనిచో లెక్క నాలుగు రెట్లకు పైగా తప్పుతుంది. నైట్రేటు విలువను 4.43తో భాగించగా నత్రజని వస్తుంది. ఉదాహరణకు, బోరు నీటిలో నైట్రేటు 44 మి.గ్రా. ఉన్నచో నత్రజని సుమారు 10 మి.గ్రా. హెక్టారుకు ఒక సెం.మీ. నీరనగా లక్ష లీటర్లు; అందులో ఒక కిలో నత్రజని ఉంటుంది. మొక్కజొన్నకు 30 సెం.మీ. నీరు పెట్టినచో ఎకరాకు సుమారు 12 కిలోల నత్రజని, అనగా 26 కిలోల యూరియాకు సమానమైనది, పొలానికి చేరుతుంది. ఇదంతయు పైరుకు దక్కదు కావున, తొలుత సగం మాత్రమే లెక్కించుట క్షేమం.

అన్వయం: 30 సెం.మీ. వద్ద తక్కువగా, 60 సెం.మీ. వద్ద ఎక్కువగా నైట్రేటు ఉన్నచో, అది దిగువకు జారుచున్నదని అనుమానించవలెను. అప్పుడు యూరియాను మరిన్ని దఫాలుగా, తడిని తక్కువ పరిమాణంలో ఇవ్వవలెను. రెండు లోతులలోను తక్కువగా ఉన్నచో, పైరు దశను, ఆకు రంగును చూడక కొరతగా నిర్ణయించరాదు. నీరు నిలిచిన వరి మడిలో నైట్రేటు వాయురూపంలో నష్టమగును. అచ్చట అమ్మోనియం పరీక్ష, ఆకు రంగు పట్టిక ఎక్కువ ఉపయోగకరం.

పొలం పరీక్ష ప్రయోగశాలకు ప్రత్యామ్నాయం కాదు. కొన్ని నమూనాలనైనా ప్రయోగశాలలో సరిపోల్చి, ఒకే గొట్టం వద్ద వరుస రీడింగులను పరిశీలించిన పిమ్మటనే విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ఎరువు తగ్గింపును సిఫారసు చేయవలెను.