మన శాసన సభలు: పుట్టుక, నిర్మాణము

గ్రామములలో ప్రచార సభలు జరిపినప్పుడు ఉపన్యాసములు ముగిసిన పిమ్మట ప్రజలను ప్రశ్నలు వేయుమని కోరుట మాకు పరిపాటి. ఎరువులను గూర్చియు, రోడ్లను గూర్చియు, పింఛనులను గూర్చియు ప్రశ్నలు వచ్చుచుండును. ఒకచోట ఒక వృద్ధ రైతు లేచి, "అయ్యా, అసెంబ్లీకి మేం ఓటేశాం, అది మాకు తెలుసు. ఈ కౌన్సిలంటే ఏమిటి? దానికి మమ్మల్నెవరూ ఓటడగలేదే! అడక్కుండా వచ్చినవాళ్లు మా సంగతులెట్లా మాట్లాడతారు?" అని నిలదీసెను. అప్పటికే చీకటి పడినందున మేము నాలుగు మాటలలో సమాధానము చెప్పి ముగించితిమి. ఆ సమాధానము ఆయనకు తృప్తి కలిగించలేదని ఆయన ముఖమే చెప్పినది. మాకును తృప్తి కలుగలేదు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పవలెనన్నచో కొంత వెనుకకు పోవలసి యున్నది.

కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆంగ్లేయుల కాలమున మదరాసు రాజధానిలోని భాగములు. ఆ రాజధానికి శాసన సభ యనదగినది మొదట ఏర్పడినది 1861 నాటి ఇండియన్ కౌన్సిళ్ల చట్టము వలన. సభ యని పేరే గాని అందు ఎన్నిక లేదు. గవర్నరు తన కార్యాలోచన సభకు అదనముగా నలుగురికి తక్కువ గాకుండ, ఎనమండుగురికి మించకుండ సభ్యులను నియమించుకొనెడివాడు. వారిలో సగము మందియైనను ప్రభుత్వోద్యోగులు కానివారై యుండవలెను. తమ ముందు పెట్టిన బిల్లును గూర్చి మాట్లాడుట తప్ప వారికి వేరు పని లేదు. ప్రశ్న అడుగరాదు. ఆదాయ వ్యయముల ఊసెత్తరాదు. ఫలానా చెఱువు గట్టు తెగి మూడేండ్లయినను ఏల బాగు చేయలేదని అడుగుటకు ఆ సభలో ఎవరికిని హక్కు లేకుండెను.

ఆ తొలినాళ్లలో నియమితులైన భారతీయులలో ఒక తెలుగువాడుండుట మనము గుర్తుంచుకొనదగిన విషయము. ఆయన గాజుల లక్ష్మీనరసు శెట్టి. మదరాసులో పెద్ద వర్తకుడు. 1852 లో మదరాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘమును స్థాపించి, శిస్తు వసూలు పేర రైతులు పడుచున్న బాధలను బ్రిటిషు పార్లమెంటుకు మహజరు ద్వారా తెలియజేసినవాడు. శిస్తు చెల్లింపని రైతులను ఎండలో వంగబెట్టుట మొదలగు హింసలపై ప్రభుత్వము విచారణ సంఘమును వేయవలసి వచ్చినది. ఆ సంఘము 1855 లో ఇచ్చిన నివేదిక హింసలు జరుగుచున్న మాట నిజమేయని ఒప్పుకొన్నది. అట్టి లక్ష్మీనరసు శెట్టిని 1863 లో శాసన సభ్యునిగా నియమించిరి. సభలో నోరు మెదపుటకు అవకాశము స్వల్పము. సభ వెలుపల ఆయన చేసినదే ఎక్కువ యని మా అభిప్రాయము.

1892 చట్టము వలన సభ్యులకు బడ్జెటుపై మాట్లాడుటకును, ప్రశ్నలు వేయుటకును వీలు కలిగినది. 1909 చట్టము వలన సభ్యుల సంఖ్య పెరిగి, కొందరిని పరోక్షముగా ఎన్నుకొను పద్ధతి వచ్చినది. ముస్లిములకు ప్రత్యేక నియోజకవర్గములు ఏర్పడినవియు అప్పుడే.

సామాన్యునికి ఓటు అనునది కంటికి కనబడినది 1920 లో. 1919 నాటి చట్టము ప్రకారము మదరాసు శాసన మండలికి మొత్తము 132 మంది సభ్యులు. వారిలో 98 మంది ఎన్నికైనవారు, తక్కినవారు నియమితులు. అయితే ఓటు అందరిదియు గాదు. భూమి శిస్తో, పన్నో నిర్ణీతమైన మొత్తమునకు తగ్గకుండ చెల్లించువారికే ఓటు. నాలుగు కోట్ల జనాభా గల రాజధానిలో ఓటర్లు సుమారు పన్నెండున్నర లక్షలు మాత్రమే. అనగా నూటికి ముగ్గురు. పొలము దున్ను పాలేరుకు ఓటు లేదు, నేత నేయు పేదవానికి లేదు, స్త్రీలకు అసలే లేదు. పైగా ఆ ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించెను. జస్టిస్ పార్టీ వారు అధికారమునకు వచ్చిరి. 1921 నుండి 1926 వరకు ముఖ్యమంత్రిగా నున్న పానగల్ రాజా, అనగా పానగంటి రామారాయణింగారు, తెలుగువారే.

ఈ ప్రభుత్వమునకు 'ద్వంద్వ ప్రభుత్వ'మని పేరు. ఒకే ఇంటిలో రెండు పొయ్యిల వంటి వ్యవహారమది. విద్య, ఆరోగ్యము, స్థానిక స్వపరిపాలన, వ్యవసాయము మంత్రులవి. ఖజానా, పోలీసు, భూమి శిస్తు, నీటిపారుదల గవర్నరు వైపువి. బడి పెట్టవలెనన్న కోరిక మంత్రిది, పైకము తాళపు చెవి వేరొకరిది. అయినను ఆ సభ చేసిన పనులు తక్కువవి గావు. దేవాదాయ ధర్మాదాయముల చట్టము, 1926 లో ఆంధ్ర విశ్వవిద్యాలయ స్థాపన ఆ సభ నాటివే.

ఆ సభ చేసిన వేరొక పని మాకు అన్నిటికంటె గొప్పదిగా తోచును. స్త్రీలకు ఓటు ఇచ్చుటయా, మానుటయా యని నిర్ణయించు అధికారమును 1919 చట్టము ఆయా రాష్ట్రముల సభలకే వదలిపెట్టెను. పురుషులే కూర్చున్న మదరాసు సభ 1921 లో ఆ నిషేధమును తొలగించుచు తీర్మానించినది. బ్రిటిషు ఇండియాలోని రాష్ట్రములలో ఈ పని మొదట చేసినది మదరాసే. మరి కొన్నేండ్లకు స్త్రీలు సభ్యులగుటకును వీలు కలిగినది. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి సభ్యురాలిగా నియమితురాలై, సభకు ఉపాధ్యక్షురాలుగా ఎన్నికయ్యెను. బాలికలను దేవాలయములకు దేవదాసీలుగా అర్పించు ఆచారముపై ఆమె ఆ సభలోనే పోరాడెను. ఆ ఆచారమును పూర్తిగా నిషేధించు చట్టము 1947 లో గాని రాలేదు.

1935 చట్టము 1937 లో అమలునకు వచ్చి మదరాసుకు రెండు సభలను ఇచ్చినది. దిగువ సభయైన అసెంబ్లీకి 215 మంది, ఎగువ సభయైన కౌన్సిలుకు 54 నుండి 56 మంది సభ్యులు. మన ప్రాంతమున 'కౌన్సిలు' అను రెండవ సభ పుట్టినది అప్పుడే. అసెంబ్లీ స్పీకరుగా బులుసు సాంబమూర్తి ఎన్నికయ్యెను. రాజాజీ మంత్రివర్గములో రెవిన్యూ మంత్రియైన టంగుటూరి ప్రకాశం జమీందారీ రైతుల స్థితిపై విచారణ సంఘమునకు అధ్యక్షత వహించెను. 1939 లో యుద్ధము కారణముగా మంత్రివర్గము రాజీనామా చేయుటచే ఆ పని నిలిచిపోయినది. జమీందారీల రద్దు చట్టము 1948 లో వచ్చినది. ఆ సభలో వ్యవహారము ఆంగ్ల భాషలో సాగవలెనని చట్టము. ఆంగ్లము రానివారికి మాత్రమే స్వభాషలో మాట్లాడుటకు అనుమతి. రైతు బాధను రైతుకు అర్థము గాని భాషలో చర్చించిన కాలమది. రాజ్యాంగములోని 210వ అధికరణము వలన నేడు రాష్ట్ర భాషలో మాట్లాడుట సభ్యుని హక్కు అయినది.

నైజాం రాజ్యములో 1952 లోనే వయోజనులందరు ఓటు వేసి తొలిసారిగా తమ శాసన సభను ఎన్నుకొనిరి. ఆ హైదరాబాదు సభకు 175 మంది సభ్యులు. ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు. 1950 నాటి కౌలుదారీ చట్టమునకు ఈ సభ చేసిన సవరణలతో రక్షిత కౌలుదారులకు భూమిపై యాజమాన్యము ఇచ్చు 38-ఇ సెక్షను చేరినది. తెలంగాణ గ్రామములలో భూమి తగవు వచ్చినపుడు '38-ఇ సర్టిఫికెట్' అను మాట వినని రైతు అరుదు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు, అంతకు ముందు మదరాసు అసెంబ్లీకి ఎన్నికైన ఆంధ్ర ప్రాంత సభ్యులు 140 మంది కర్నూలులో ప్రత్యేక సభగా కూడిరి. ముఖ్యమంత్రి ప్రకాశం. మరుసటి యేడు నవంబరులో మద్యనిషేధ సమస్యపై ఆ మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినది. 1955 లో 196 స్థానములకు ఎన్నికలు జరిగినవి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినపుడు ఈ సభ్యుల గడువు ఇంకను మిగిలియున్నందున, 1957 లో తెలంగాణలోని 105 స్థానములకు మాత్రమే ఎన్నికలు జరిపిరి. రెండును కలిసి 301 మంది. ఒకే సభలో సగముకు పైగా 1955 లో గెలిచినవారు, తక్కినవారు 1957 లో గెలిచినవారు! 1962 లో గాని రాష్ట్రమంతటికి ఒకే పర్యాయము ఎన్నికలు జరుగలేదు. తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు. అటుపిమ్మట స్థానముల సంఖ్య 300, 287 గా మారి, 1978 నుండి 294 అయినది. 2014 లో రాష్ట్రము విడిపోయినపుడు ఆంధ్రప్రదేశ్‌కు 175, తెలంగాణకు 119 స్థానములు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్ స్థానములలో 29 షెడ్యూల్డు కులములకు, 7 షెడ్యూల్డు తెగలకు. తెలంగాణలో 19 షెడ్యూల్డు కులములకు, 12 తెగలకు కేటాయింపబడినవి. ఆంగ్లో-ఇండియనులకు నియామకము ద్వారా ఇచ్చుచు వచ్చిన ఒక స్థానము 2020 జనవరితో రద్దయినది.

ఇక ఆ వృద్ధ రైతు అడిగిన కౌన్సిలు సంగతి.

రాష్ట్రములో శాసన మండలి యుండవలెనా, వలదా యనునది శాసన సభ తీర్మానించి కోరగా పార్లమెంటు చట్టము చేయవలసిన విషయము. రాజ్యాంగములోని 169వ అధికరణము చెప్పునది ఇదియే. ఆ విధముగనే 1958 జూలైలో ఆంధ్రప్రదేశ్ శాసన మండలి 90 మంది సభ్యులతో ఏర్పడినది. తెలంగాణలో గ్రంథాలయోద్యమమునకు పాటుపడిన మాడపాటి హనుమంతరావు దాని తొలి అధ్యక్షుడు. 1983 లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వమునకు సభలో మెజారిటీ ఉన్నను మండలిలో లేకుండెను. మండలి వలన పనులకు ఆటంకము, ఖజానాకు ఖర్చు అని వాదించి ఆ ప్రభుత్వము తీర్మానము చేయించగా 1985 లో మండలి రద్దయినది. 1990 లో పునరుద్ధరణ యత్నము పార్లమెంటులో కొనసాగక ఆగిపోయినది. 2004 లో సభ మరల కోరగా, చట్టము వచ్చి, 2007 మార్చిలో మండలి తిరిగి కొలువు తీరినది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసన సభ మరల రద్దు కోరుచు తీర్మానించి, 2021 నవంబరులో ఆ తీర్మానమును తానే ఉపసంహరించుకొన్నది. ఒకే సంస్థను ఇన్నిమార్లు కట్టుట, కూల్చుట, మరల కట్టుట వేరొక రాష్ట్రములో అరుదు. ఈ చరిత్రను చూచినవారికి ఒక విషయము తోచక మానదు. మండలి మంచి చెడ్డలకంటె, ఆయా సమయములలో అందు మెజారిటీ ఎవరిదనునదే చర్చను ఎక్కువగా నడిపినది.

మండలికి గల అధికారము ఎంత? ద్రవ్య బిల్లును 14 దినములకు మించి ఆపలేదు. ఇతర బిల్లును మొదట మూడు మాసములు, సభ మరల ఆమోదించి పంపినచో ఇంకొక మాసము ఆపగలదు. అంతటితో సరి. తుది మాట శాసన సభదే. కనుక ప్రజలు నేరుగా ఎన్నుకొన్న సభను మండలి మించిపోవునను భయమునకు తావు లేదు. ఆ నాలుగు మాసములలో తొందరపాటున చేసిన తప్పు బయటపడవచ్చును; అవసరమైన చట్టమునకు ఆలస్యమును కలుగవచ్చును. రెండును జరిగినవే.

"మమ్మల్నెవరూ ఓటడగలేదే" అన్న మాట సగము నిజము. మండలిలో మూడవ వంతు సభ్యులను శాసన సభ్యులు ఎన్నుకొందురు. మరియొక మూడవ వంతును స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకొందురు. పండ్రెండవ వంతు పట్టభద్రులు, పండ్రెండవ వంతు ఉపాధ్యాయులు ఎన్నుకొనువారు. మిగిలినవారిని సాహిత్యము, విజ్ఞానము, కళలు, సహకారోద్యమము, సంఘసేవలలో అనుభవము గలవారి నుండి గవర్నరు నియమించును. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 స్థానములకు లెక్క 20, 20, 5, 5, 8. తెలంగాణలో 40 స్థానములకు 14, 14, 3, 3, 6. సభ్యుని గడువు ఆరేండ్లు. రెండేండ్లకొకసారి మూడవ వంతు మంది విరమింతురు. అందుచే మండలి ఎన్నడును ఒక్కసారిగా ఖాళీ కాదు.

స్థానిక సంస్థల స్థానమునకు ఓటు వేయువారు మన మధ్య తిరుగువారే: మండల ప్రాదేశిక సభ్యులు, జిల్లా ప్రాదేశిక సభ్యులు, పురపాలక సంఘ సభ్యులు. సర్పంచికి, వార్డు సభ్యునికి మన రెండు రాష్ట్రములలో ఈ ఓటు లేదు. పొరుగున నున్న కర్ణాటకములో గ్రామ పంచాయతీ సభ్యులకు కలదు. మనకు ఏల ఉండరాదని సర్పంచులు అడిగిన ప్రశ్న మాకు సమంజసముగనే తోచినది. కాని దానికి పార్లమెంటు చట్టమును సవరింపవలసియుండును. కనుక మండల ప్రాదేశిక సభ్యుని ఎన్నుకొనునపుడు గ్రామస్థుడు మండలి సభ్యుని ఎన్నుకొనువానిని గూడ ఎన్నుకొనుచున్నాడు. స్థానిక ఎన్నికలు సకాలమున జరుగకున్నచో ఓటు వేయువారే లేక మండలిలోని ఆ స్థానములును ఖాళీగా ఉండిపోవును. ఆంధ్రప్రదేశ్‌లో 2021 డిసెంబరున 11 స్థానముల భర్తీ పూర్తి కావలసి వచ్చినపుడు ఈ సంగతి అనుభవమునకు వచ్చినది.

ఈ ఎన్నికలలో ఓటు వేయు విధము వేరు. గుర్తులుండవు. అభ్యర్థి పేరుకు ఎదురుగా మొదటి ప్రాధాన్యమునకు 1 అంకెను, ఇష్టమైనచో తరువాతి వారికి 2, 3 అంకెలను వ్రాయవలెను. 1 అంకె లేని ఓటు చెల్లదు.

గ్రామములలోని పట్టభద్రులైన యువకులకు, ఉపాధ్యాయులకు ఒక మాట చెప్పవలసి యున్నది. శాసన సభకు ఓటరైనంత మాత్రమున పట్టభద్రుల జాబితాలో పేరు దానంతట చేరదు. డిగ్రీ పొంది మూడేండ్లు నిండిన వారు, ఆ నియోజకవర్గములో నివసించువారు, ఎన్నికకు ముందు ప్రకటన వెలువడినపుడు 18వ నమూనాలో దరఖాస్తు చేసికొనవలెను. గడచిన ఆరేండ్లలో మూడేండ్లకు తగ్గకుండ ఉన్నత పాఠశాలలోను, అంతకు పై విద్యాసంస్థలలోను పనిచేసిన ఉపాధ్యాయులకు 19వ నమూనా. అర్హతను లెక్కించు తేది నవంబరు 1. ఈ జాబితాను ప్రతి ఎన్నికకు క్రొత్తగా తయారు చేయుదురు. ఆరేండ్ల క్రిందట పేరున్నది గదా యని ఊరకుండినవారి పేరు ఈసారి జాబితాలో ఉండదు.