తండ్రిని స్మరించుకునే తీరు

ఇంటి పెద్ద కన్నుమూస్తే ఆ ఇంట్లో కొన్నాళ్ళపాటు ఆయన మాటలే వినిపిస్తాయి. ఫజ్ర్ నమాజుకు పిల్లల్ని లేపిన తీరు, మనుమల చెయ్యి పట్టుకొని ఈద్గాహ్‌కు నడిచిన సంగతి చెప్పుకొని కంటతడి పెట్టుకుంటాం. ఇందులో తప్పేమీ లేదు. కాని ఆయన ఎవరికి ఎంత బాకీ ఉన్నారన్న మాట మాత్రం చాలా ఇళ్ళల్లో ఎవరూ ఎత్తరు. నలభయ్యో రోజు భోజనాలకు చేబదులు తెచ్చేవారు కూడా మృతుని పాత అప్పును మాత్రం వాయిదా వేస్తారు.

ఈ సందర్భంలో హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) కుటుంబాన్ని తలచుకోవాలి. ఆయన దైవప్రవక్త (స) మేనత్త హజ్రత్ సఫియ్యా (రజి) కుమారుడు. స్వర్గ శుభవార్త అందుకున్న పదిమందిలో ఒకరు. హిజ్రీ 36 (క్రీ.శ. 656)లో జమల్ యుద్ధం నాడు, తాను ఇక బ్రతకనేమో అనిపించి కుమారుడు అబ్దుల్లాహ్ (రజి)ను పిలిచారు. తన మనసును అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెడుతున్నది తన అప్పేనని, ఆస్తి అమ్మి దాన్ని తీర్చమని చెప్పారు. ఎక్కడైనా చేతకాకపోతే తన యజమాని సహాయం కోరమన్నారు. ఆ యజమాని ఎవరని కుమారుడు అడిగితే, అల్లాహ్ అని జవాబిచ్చారు. తరువాత అప్పు తీర్చడం కష్టమైనప్పుడల్లా అబ్దుల్లాహ్ (రజి) జుబైర్ యజమానినే వేడుకునేవారు. దారి దొరికేది.

అది దుబారా వల్ల పెరిగిన అప్పు కాదు. ప్రజలు సొమ్ము తెచ్చి అమానతుగా దాచమంటే, పోతే వారికి నష్టమన్న భయంతో ఆయన దాన్ని అప్పుగానే తీసుకునేవారు. అమానతు ప్రమాదవశాత్తూ పోతే దాచినవాడిపై బాధ్యత ఉండదు, అప్పైతే తీర్చవలసిందే. ఇతరుల నష్టాన్ని తన మెడకు చుట్టుకున్నారన్న మాట!

కుమారుడు లెక్క చూస్తే 22 లక్షలు తేలింది. నగదు లేదు. ఉన్నవి భూములు, మదీనాలో 11 ఇళ్ళు, బస్రాలో రెండు, కూఫాలో ఒకటి, ఈజిప్టులో ఒకటి. లక్షా 70 వేలకు కొన్న 'గాబా' భూమి విలువ 16 లక్షలకు కట్టి అమ్మకానికి పెట్టారు. నాలుగు లక్షలు రావలసిన అబ్దుల్లాహ్ బిన్ జఅఫర్ (రజి) వచ్చి, కావాలంటే వదిలేస్తానన్నారు. ఈయన ఒప్పుకోలేదు. పోనీ తరువాత ఇవ్వమంటే దానికీ ఒప్పుకోలేదు. ఆ భూమిలోనే ఆయనకు భాగం కొలిచి ఇచ్చారు.

అప్పు తీరింది. తమ్ముళ్ళు వాటాలు పంచమన్నారు. అబ్దుల్లాహ్ (రజి) వెంటనే పంచలేదు. నాలుగేళ్ళపాటు ప్రతి హజ్‌లోనూ, జుబైర్ నుండి రావలసింది ఉన్నవారు వచ్చి తీసుకోవాలని చాటింపు వేయించారు. ఆ తరువాతే పంపకం జరిగింది. నలుగురు భార్యలకు తలా 12 లక్షలు వచ్చాయి.

సూరయె నిసాలో వారసుల వాటాలు చెబుతూ, అవి వీలునామా, అప్పు పోగా మిగిలినదాంట్లోనే అని అల్లాహ్ నొక్కి చెప్పాడు. కొద్ది దీనార్ల అప్పున్న వ్యక్తి జనాజా వస్తే, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన మీద వేసుకునే దాకా ప్రవక్త (స) నమాజు చేయించలేదు.

మన ఇళ్ళలో మరో బాకీ ఉంది. అది మహర్. చెల్లించకుండా మరణిస్తే అది భార్యకు తీర్చవలసిన అప్పే. జనాజా గుమ్మంలో ఉండగా, ఏడుస్తున్న ఆమె చుట్టూ చేరి మాఫ్ చేశానని చెప్పమని ఒత్తిడి చేయడం కొన్నిచోట్ల ఆచారమైపోయింది. ఆ క్షణంలో కాదనగలదా? మనస్ఫూర్తిగా వదులుకుంటేనే అది చెల్లుతుంది. కొడుకులే ముందుకొచ్చి తండ్రి ఆస్తిలోంచి తల్లి మహర్ ముందుగా తీసి ఇస్తే ఎంత బాగుంటుంది!

అప్పులేమీ లేని తండ్రులూ ఉంటారు. అటువంటివారి పిల్లలకూ ఒక దారి ఉంది. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) మక్కా దారిలో ఒక పల్లె అరబ్బును కలిశారు. తాను ఎక్కే గాడిదను, తలకున్న పాగాను ఆయనకు ఇచ్చేశారు. వీళ్ళు కొద్దిపాటితోనే తృప్తిపడేవారు కదా అని వెంట ఉన్నవారు ఆశ్చర్యపోయారు. అతని తండ్రి తన తండ్రి ఉమర్ (రజి)కు స్నేహితుడని ఇబ్నె ఉమర్ (రజి) వారికి చెప్పారు.