చిన్న దుకాణాల బ్లాకుల సెట్లు: తక్కువ ధరలో మంచిదాన్ని ఎంచుకోవడం ఎలా?



బేకరీ, పూల అంగడి, పుస్తకాల షాపు, నూడుల్స్ హోటల్, ఐస్‌క్రీమ్ పార్లర్... చిన్న చిన్న ప్లాస్టిక్ బ్లాకులను ఒకదానిపై ఒకటి అమర్చి కట్టే ఇలాంటి దుకాణాల సెట్లు ఇప్పుడు బొమ్మల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ విరివిగా దొరుకుతున్నాయి. వీటిలో అందరికీ తెలిసిన పేరు లెగో. దాని ధర చూసి ఆగిపోయిన చాలామంది పక్కనే ఉన్న వేరే బ్రాండు పెట్టె వైపు చూస్తారు. బొమ్మ చూడటానికి అంతే బాగుంటుంది, ధర మాత్రం బాగా తక్కువ. పుట్టినరోజుకో సెలవులకో ఇది కొనిపెట్టవచ్చా అన్నదే సందేహం.

కొనవచ్చు. తక్కువ ధర తప్పేమీ కాదు. అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. బ్లాకు సరిగ్గా అతకకపోతే పెద్దవాళ్లం బ్లాకును తప్పుపడతాం. ఎనిమిదేళ్ల పిల్లలు అలా కాదు, తమ చేతులనే తప్పుపడతారు. "నాకు రాదు" అని పెట్టె మూసేస్తారు. మనం మిగుల్చుకున్న డబ్బు కంటే ఆ మాట ఖరీదు ఎక్కువ. అందుకే ఈ నెల పాఠం, మంచి చౌక సెట్‌కూ పనికిరాని చౌక సెట్‌కూ తేడా కనిపెట్టడం గురించి.

1. వేరే బ్రాండు వేరు, నకిలీ వేరు

డెన్మార్క్‌లోని బిల్లుండ్ అనే ఊళ్లో ఓలే కిర్క్ క్రిస్టియాన్సెన్ అనే వడ్రంగి 1932లో చెక్క బొమ్మలతో మొదలుపెట్టిన సంస్థ లెగో. "బాగా ఆడు" అనే అర్థం వచ్చే రెండు డేనిష్ మాటల నుంచి ఆ పేరు వచ్చింది. 1949లో ఆ సంస్థ ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ బ్లాకులు తెచ్చింది. అంతకు ముందే బ్రిటన్‌లో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన అలాంటి బ్లాకులు తయారుచేశారు. పైన బొడిపెలు, లోపల గొట్టాలు ఉండే ఇప్పటి రూపానికి లెగో 1958 జనవరి 28న పేటెంటు కోసం దరఖాస్తు చేసింది. పేటెంటు కొంతకాలమే ఉంటుంది. దాని గడువు ఎప్పుడో ముగిసింది. ఆ బ్లాకు ఆకారాన్ని ట్రేడ్‌మార్కుగా తమకే ఉంచుకోవాలని లెగో చేసిన ప్రయత్నాన్ని 2010లో యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం తోసిపుచ్చింది. ఆ ఆకారం అతుక్కునే పని కోసం ఏర్పడింది కాబట్టి దాన్ని ఒక్కరి గుర్తుగా నమోదు చేయడం కుదరదని తేల్చింది.

అంటే అవే కొలతలతో బ్లాకులు తయారుచేసి, తమ పేరుతో, తమ సొంత డిజైన్‌తో అమ్ముకోవడం మోసం కాదు. ఇంకొకరి సెట్‌ను డిజైన్‌తో సహా దించి అమ్మడం మాత్రం నేరం. చైనాలో లెపిన్ అనే పేరుతో లెగో సెట్లకు నకళ్లు తయారుచేసిన ముఠాపై 2019లో షాంఘై పోలీసులు దాడి చేశారు. మరుసటి ఏడు ప్రధాన నిందితుడికి కోర్టు ఆరేళ్ల జైలుశిక్ష వేసింది.

పిల్లలకు ఇలా చెప్పండి: ఒకే రకం రూళ్ల నోటుబుక్కులో ఇద్దరు వేర్వేరు వ్యాసాలు రాయవచ్చు. పక్కవారి వ్యాసం చూసి దించేసి మన పేరు పెట్టుకోకూడదు. సెట్ పెట్టె మీద తయారీదారు సొంత పేరు, చిరునామా, దిగుమతి చేసినవారి వివరాలు ఉంటే అది వేరే బ్రాండు. పెద్ద బ్రాండు పేరులో ఒక అక్షరం మార్చి, అదే ఫొటో వేసి, అదే రంగు పెట్టెలో పెడితే దాన్ని అక్కడే వదిలేయండి.

2. అసలు పరీక్ష పట్టులో ఉంది

మామూలు సైజు బ్లాకుల్లో ఒక బొడిపె మధ్య నుంచి పక్క బొడిపె మధ్యకు దూరం 8 మిల్లీమీటర్లు. బ్లాకు ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పలుచని పలక ఎత్తు 3.2 మిల్లీమీటర్లు, అంటే బ్లాకులో సరిగ్గా మూడో వంతు. లెగో 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడుతోంది. ఈ ప్లాస్టిక్ కొద్దిగా వంగి, మళ్లీ తన ఆకారానికి వస్తుంది. పై బ్లాకును నొక్కినప్పుడు లోపలి గోడలు, గొట్టాలు కింది బొడిపెలను బిగించి పట్టుకునేది అందువల్లే.

కంటికి కనిపించనంత తేడా వచ్చినా ఈ పట్టు మారిపోతుంది. పట్టు వదులైతే దుకాణం పైకప్పు పెడుతుండగా కింది గోడ ఊడుతుంది. మరీ బిగుతైతే చిన్న వేళ్లకు నొప్పి, తీయాలంటే పళ్లు వాడటం. సెట్ బాగుందా లేదా అన్నది పెట్టె మీద ఫొటో చెప్పదు, ఈ పట్టే చెబుతుంది. తక్కువ ధర బ్రాండ్లలోనూ పట్టు చక్కగా ఉన్నవి ఉన్నాయి. కాబట్టి మొదటిసారి ఒక బ్రాండును ప్రయత్నించేటప్పుడు పెద్ద మూడంతస్తుల భవనం కాకుండా అందులో అతి చిన్న దుకాణం కొనండి. అది బాగుంటే అదే వరసలో రెండోది తీసుకోవచ్చు.

3. ధరను ముక్కల లెక్కలో చదవండి, కానీ అక్కడే ఆగకండి

సెట్ ధరను ముక్కల సంఖ్యతో భాగిస్తే ఒక్కో ముక్క ధర తెలుస్తుంది. లెక్క కోసం రెండు ధరలు అనుకుందాం. మొదటి సెట్‌లో 420 ముక్కలు, ధర 1,260 రూపాయలు. ముక్క 3 రూపాయలు. రెండో సెట్‌లో 900 ముక్కలు, ధర 1,350 రూపాయలు. ముక్క రూపాయిన్నర. రెండోదే లాభంలా కనిపిస్తుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కొన్ని బ్రాండ్లు మినీ బ్లాకులు వాడతాయి. ఉదాహరణకు 2008లో జపాన్‌లో వచ్చిన నానోబ్లాక్‌లో అతి చిన్న బ్లాకు 4 మిల్లీమీటర్ల పొడవు, 4 వెడల్పు, 5 ఎత్తు. దాని ఘనపరిమాణం 80 ఘన మిల్లీమీటర్లు. మామూలు సైజులో ఒక బొడిపె బ్లాకు 8 × 8 × 9.6, అంటే సుమారు 614. మినీ బ్లాకు దాదాపు ఎనిమిదో వంతే. పొడవు సగమైతే పరిమాణం సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పై తరగతుల పిల్లలతో ఈ లెక్క చేయించండి, ఘనపరిమాణం పాఠం మళ్లీ మరిచిపోరు.

మినీ బ్లాకులు చెడ్డవని కాదు. అల్మారాలో తక్కువ చోటు పడతాయి, చక్కగా కనిపిస్తాయి. కానీ ఇంట్లో ఉన్న మామూలు బ్లాకులతో కలవవు, చిన్న పిల్లల వేళ్లకు లొంగవు. పెట్టె మీద ముక్కల సంఖ్యతో పాటు కట్టాక వచ్చే దుకాణం పొడవు, వెడల్పు, ఎత్తు ఎంతో తప్పకుండా చూడండి.

4. పెట్టె మీద ఇవి లేకపోతే కొనవద్దు

ఐఎస్ఐ గుర్తు: మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల ఆటవస్తువులకు 2021 జనవరి 1 నుంచి ఇది తప్పనిసరి. కరెంటుతో, బ్యాటరీతో పనిచేయని బొమ్మలకు ఐఎస్ 9873, వాటితో పనిచేసే వాటికి ఐఎస్ 15644 ప్రమాణాలు. గుర్తు దగ్గర సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరు ఉంటుంది. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి, వచ్చిన తయారీదారు పేరు పెట్టె మీది పేరుతో సరిపోతోందో చూడండి. షాపులో నిలబడే చేయగల పని ఇది.

వయసు: 14 ఏళ్లు దాటినవారికి అని రాసిన సెట్‌ను "మా వాడు తెలివైనవాడు" అనుకుని మూడో తరగతి పిల్లవాడికి కొనవద్దు. ఆ అంకె తెలివికి కొలత కాదు. పిల్లల ఆటవస్తువుగా కాకుండా పెద్దల సేకరణ వస్తువుగా అమ్ముతున్నారని దాని అర్థం కావచ్చు.

చిన్న ముక్కలు: ఇంట్లో మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఉంటే, కట్టే పని బల్ల మీద జరగాలి, పూర్తయ్యాక ముక్కలు మూత ఉన్న డబ్బాలోకి వెళ్లాలి. నేల మీద ఆట వద్దు.

లైట్లు: చాలా దుకాణాల సెట్లలో బోర్డు వెలిగేలా చిన్న లైటు ఉంటుంది. దానిలో గుండీలాంటి బ్యాటరీ ఉంటే, ఆ అర మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి. స్క్రూ లేకపోతే బ్యాటరీ తీసేయండి. పిల్లలు ఆ బ్యాటరీ మింగితే అన్నవాహికలో రెండు గంటల్లోనే తీవ్రంగా కాలిన గాయం కావచ్చు. అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా, వేచి చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

5. ఇంటికి తెచ్చాక పది నిమిషాల పరీక్ష

ఇది పిల్లలతోనే చేయించండి. పరీక్షించేది బ్లాకులను అని వాళ్లకు ముందే చెప్పండి.

• రెండు బ్లాకులు అతికించి పైదాన్ని పట్టుకుని ఊపమనండి. కిందిది పడకూడదు. తర్వాత పిల్లలే వేళ్లతో విడదీయగలగాలి.
• పది బ్లాకులు ఒకదానిపై ఒకటి పెట్టి, పై బొడిపెలు వదిలేసి స్కేలుతో కొలవమనండి. 96 మిల్లీమీటర్లు రావాలి. స్తంభం పక్కకు ఒరిగితే కొలతల్లో తేడా ఉన్నట్టే.
• అంచుల మీద వేలు జరిపి చూడండి. గరుకుగా, కోసుకునేలా ఉండకూడదు. పెట్టె తెరిచి గంటైనా ఘాటు వాసన పోకపోతే వెనక్కి ఇచ్చేయండి.
• ఇంట్లో పాత బ్లాకులుంటే వాటితో కలిపి చూడండి.
• సూచనల పుస్తకం తిరగేయండి. ఒక్కో మెట్టులో నాలుగైదు ముక్కలు ఉంటే సరే. పదీ పదిహేను ముక్కలు ఒకేసారి వస్తే, నలుపుకూ ముదురు గోధుమరంగుకూ తేడా తెలియకపోతే, మీరు పక్కన కూర్చోవాల్సి ఉంటుంది.

ఇందులో రెండు మూడు తప్పితే, తిరిగి ఇచ్చే గడువు దాటకముందే ఇచ్చేయండి. అందుకే పరీక్ష అయ్యేదాకా మొత్తం సంచులు చింపవద్దు.

6. దుకాణంలో దాగిన పాఠాలు

కారు, రాకెట్ సెట్ల కన్నా దుకాణానికి ఒక సౌకర్యం ఉంది. కట్టడం అయ్యాక ఆట మొదలవుతుంది. తలుపు తీస్తే లోపల కౌంటరు, అల్మారా, తూకం ఉంటాయి. అక్కడ ఎవరో ఒకరు అమ్మాలి, ఇంకొకరు కొనాలి.

మూడు, నాలుగు తరగతుల పిల్లలు ధరల చీటీలు రాసి, బిల్లు వేసి, చిల్లర ఇవ్వవచ్చు. ఐదో తరగతివారికి భిన్నాలు చూపండి: మూడు పలకలు ఒక బ్లాకు ఎత్తు, అయిదు పలకల ఎత్తు రెండు బొడిపెల వెడల్పుకు సమానం, రెండూ 16 మిల్లీమీటర్లే. గోడకు పక్క నుంచి బోర్డు బిగించేటప్పుడు డిజైనర్లు వాడే రహస్యం ఇదే. పై తరగతివారికి ఒక ఆశ్చర్యం: ఎనిమిది బొడిపెల బ్లాకులు, ఒకే రంగువి, రెండు ఉంటే 24 రకాలుగా కలపవచ్చు. ఆరు ఉంటే 91,51,03,765 రకాలుగా. కొత్త సెట్ కొనకుండానే ఎంత ఆట మిగిలి ఉందో చెప్పడానికి ఈ ఒక్క అంకె చాలు.

చాలా చౌక సెట్లలో బోర్డుల మీద చైనా అక్షరాలో, తప్పుల ఇంగ్లిషో ఉంటుంది. దాన్ని లోపంగా చూడకండి. కొలిచి, కాగితం కత్తిరించి, తెలుగులో కొత్త బోర్డు రాయమనండి. నూడుల్స్ హోటల్ టిఫిన్ సెంటర్ అవుతుంది, పేస్ట్రీ షాపు పూతరేకుల కొట్టు అవుతుంది. దసరాకో సంక్రాంతికో మీ ఇంట్లో బొమ్మల కొలువు పెడితే, ఆ దుకాణానికి ఒక మెట్టు మీద చోటివ్వండి.

7. ఎవరికి ఏది?

ఒకటి, రెండు తరగతుల పిల్లలకు ఇలాంటి సెట్ కన్నా విడి బ్లాకుల డబ్బా మేలు. మూడు నుంచి ఐదో తరగతి వరకు 200 నుంచి 400 ముక్కల మామూలు సైజు దుకాణం సరిపోతుంది. ఆరు ఆపై తరగతులకు రెండంతస్తులవి, ఓపిక ఉంటే మినీ బ్లాకులవి. పెద్ద భవనాల్లో ముక్కలు వేలల్లో ఉంటాయి. లెగో 2007లో తెచ్చిన కేఫ్ కార్నర్ అనే మూలమలుపు భవనంలోనే 2,056 ముక్కలున్నాయి. అంతటివి ఇంటిల్లిపాదీ కలిసి కట్టాలి, ఒక్క పిల్లవాడి మీద వేయకూడదు.

8. ఈ నెల ఇంట్లో చేయాల్సింది

ఒక వారాంతం పిల్లలతో షాపుకు వెళ్లి, కొన్నా కొనకపోయినా, రెండు పెట్టెలను పోల్చండి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వాళ్లనే నోటుబుక్కులో రాయమనండి:

• తయారీదారు ఎవరు? లైసెన్సు నంబరు యాప్‌లో సరిపోయిందా?
• ముక్క ధర ఎంత? కట్టాక సైజు ఎంత?
• ఏ వయసువారికి?
• ఈ దుకాణాన్ని విప్పి, ఇవే ముక్కలతో ఇంకేం కట్టవచ్చు?

సెట్ కట్టేటప్పుడు ఎక్కడైనా చిక్కుకుంటే మీరు చేయి వేయకండి. రెండు మెట్లు వెనక్కి వెళ్లి ఫొటోతో పోల్చుకోమనండి. అప్పటికీ అతకకపోతే ఆ బ్లాకును మీరు చేతిలోకి తీసుకుని చూడండి. తప్పు బ్లాకుదైతే ఆ మాట పిల్లలకు స్పష్టంగా చెప్పండి: "నువ్వు సరిగ్గానే పెట్టావు, ముక్కే బాగాలేదు." ఈ మాట విన్న పిల్లలు ఇంకో ముక్క వెతుక్కుని కట్టడం కొనసాగిస్తారు.