కొత్త రకము లుంగీని ఎంచుకొను పద్ధతి

వేలూరు, గుడియాత్తము ప్రాంతపు నేత కుటుంబములకు మనవి.

1985 నాటి చట్టము కొన్ని రకముల లుంగీలను చేనేతకు కేటాయించినను, అంగడిలో మరమగ్గపు లుంగీ మన లుంగీ ప్రక్కనే వున్నది. అందువలన ప్రతి సంఘములోను కొత్త రకము మాట వచ్చుచున్నది. గళ్లు పెద్దవి చేయవలెనని ఒకరు, జేబు కుట్టించవలెనని ఒకరు, సన్న నూలు వేయవలెనని మరొకరు. చివరకు గొంతు పెద్దదైన వారి మాటే నెగ్గును. మేమును ఒక ఏడు ఒక వర్తకుని మాట నమ్మి, పాత లుంగీతో పోల్చి చూడకయే పదహారు పడుగులు వేయించితిమి. ఉతుకులో రంగు దిగినది. సరుకు పొంగలి దాకా బీరువాలోనే వుండెను. ఆ కూలి బాకీ తీర్చుటకు మాకు రెండు పండుగలు పట్టినవి.

ఇంజనీరింగు విద్యార్థులకు ఇందుకొక పాఠము కలదు. స్కాట్లండులోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయములో పనిచేసిన స్టూవర్ట్ ప్యూ 1980ల నాటికి దీనిని ప్రచారములోనికి తెచ్చెను. ఇప్పుడు చేయుచున్న వస్తువునే కొలబద్దగా పెట్టుకొనవలెను. ఒక్కొక్క అంశములో కొత్త ఊహ దానికంటె మేలైన కూడిక గుర్తు, కీడైన తీసివేత గుర్తు, సమానమైన ‘స’ అని వ్రాయవలెను. మార్కులు లేవు గనుక ఎనిమిదా తొమ్మిదా అను తగవును లేదు.

అంశములు మాత్రము మనవి కావలెను. మగ్గము మీద మార్పు, రోజు కూలి, కండెల పని, రంగు నిలుపు, అమ్ముడు ధర. కండెల పని గడిలో గుర్తు పెట్టవలసినది కండెలు చుట్టు ఆడవారే గాని కార్యదర్శి కాదు.

పేక రంగు మాత్రము మార్చిన పడుగు అదే, అచ్చు అదే. మగ్గము గడిలో ‘స’. గళ్లు పెద్దవి చేసిన పడుగే కొత్తగా వేయవలెను, తీసివేత. 60 నంబరుకు బదులు 80 నంబరు నూలైన అచ్చు మారును, అంగుళమునకు పేక పోగులు పెరుగును, రోజుకు నేయు గజములు తగ్గును. ధరలో కూడిక వచ్చును, నిజమే. ఆ కూడిక కొట్టువానిది, తీసివేత నేతగానిది. కనుక గుర్తులు లెక్కబెట్టి ఎక్కువ కూడికలున్నదే గెలిచెననుట పొరపాటు. కూలి గడిలో తీసివేత పడిన రకమును, రేటు సవరించనిదే మగ్గమెక్కించరాదని మా అభిప్రాయము.

ప్యూ పద్ధతిలో అసలు మేలు ఇక తరువాతనే వున్నది. ఒక ఊహలోని తీసివేతను మరొకదాని కూడికతో పోగొట్టవచ్చునా అని చూడవలెను. జేబు ఊహకు మగ్గము మీద మార్పు లేదు, కుట్టు కూలి మాత్రము అదనము. దానిని పేక రంగు మార్పుతో కలిపిన కొత్త పడుగు ఖర్చు లేకయే కొత్త రకము కనబడును. నడుచుచున్న పడుగు చివర నాలుగు లుంగీలు అట్లు నేసి, మూడుసార్లు ఉతికి, పాత లుంగీ ప్రక్కన పెట్టి వచ్చు సమావేశమునకు తీసికొని రావలెను. గడులు గీసిన కాగితములు సంఘము కార్యాలయములో దొరకును.