ఫోను లాక్కోకముందు

బెర్లిన్‌లోనో డబ్లిన్‌లోనో కాపురముంటున్న తెలుగు అమ్మానాన్నలకు ఈ నాలుగు మాటలు.

ఓ సాయంత్రం మీ 14 ఏళ్ల అమ్మాయి బడి నుంచి వచ్చి, అన్నం ముట్టకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుందనుకోండి. బతిమాలగా బతిమాలగా విషయం బయటపడుతుంది. ఎవరో తన ఫొటోకి వెకిలి రాతలు తగిలించి యాప్‌లో పెట్టారు. క్లాసంతా చూసేసింది. మన నోట ముందుగా వచ్చే మాట, "ఆ ఫోను ఇలా ఇచ్చెయ్." దయచేసి ఆ మాటను ఆపుకోండి. చెబితే ఫోను పోతుందని తెలిసిన పిల్ల ఇంకోసారి చెప్పదు.

మీరున్న చోట చెప్పడానికి ఎంతో బలం ఉంది. యూరోపియన్ యూనియన్ 2022లో చేసిన డిజిటల్ సర్వీసెస్ యాక్ట్ 2024 ఫిబ్రవరి 17 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఎవరో పెట్టిన చట్టవిరుద్ధమైన పోస్టుకు, దాని సంగతి తెలియనంతవరకు యాప్ నడిపే సంస్థను తప్పుపట్టరు. ఫలానా చోట ఫలానాది ఉందని మీరు స్పష్టంగా తెలియజేశాక మాత్రం "మాకు తెలియదు" అని తప్పించుకోవడం కుదరదు. వెంటనే కదలాలి.

కాబట్టి పిల్ల పక్కన కూర్చోండి. స్క్రీన్‌షాట్ తీసి, లింకూ తేదీ రాసిపెట్టుకోండి. ఏది తప్పో, ఎందుకు తప్పో రెండు వాక్యాల్లో రాసి ఇద్దరూ కలిసి రిపోర్ట్ చేయండి. అది అందినట్టు సంస్థ మీకు తెలియజేయాలి, ఏం నిర్ణయించిందో కూడా చెప్పాలి. తీసేది లేదన్నా దిగులుపడకండి. బాగా చిన్న సంస్థలను మినహాయిస్తే, ఆరు నెలల దాకా ఉచితంగా మళ్లీ అడిగే వీలు కల్పించాలి. ఈసారి నిర్ణయాన్ని కంప్యూటర్ ఒక్కదానికే వదిలేయకూడదు. అదీ ఫలించకపోతే, కోర్టుకెక్కకుండా తగవు తేల్చే గుర్తింపు పొందిన సంస్థలున్నాయి. యాప్ అసలు చట్టాన్నే పట్టించుకోవడం లేదనిపిస్తే జర్మనీలో బుండెస్‌నెట్జ్‌అగెంటూర్‌కు, ఐర్లండ్‌లో కొమిషూన్ నా మ్యాన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

బెదిరింపులో, నగ్న చిత్రాలో అయితే దారి వేరు. ఆ చిత్రాలను కాపీ చేయకండి, ఎవరికీ పంపకండి, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి. అమ్మానాన్నలతో కూడా చెప్పుకోలేని పిల్లల కోసం ఈ రెండు దేశాల్లోనూ 116 111 నంబరు ఉంది. అది మీ పిల్లలకు ముందే తెలిసి ఉండాలి.

ఇంకో చిన్న జాగ్రత్త. పెద్దవాళ్లమని దొంగ పుట్టినతేదీతో ఖాతా తెరవనివ్వకండి. మైనర్ల వివరాలను కూపీ లాగి, వాటినిబట్టి ప్రకటనలు చూపడాన్ని ఈ చట్టం నిషేధించింది. కానీ ఎదుట ఉన్నది పిల్లలని యాప్‌కు తెలిస్తేనే ఆ గొడుగు పనిచేస్తుంది. యూరోపియన్ యూనియన్‌లో నెలకు 4.5 కోట్ల మందికి తగ్గకుండా వాడే పెద్ద యాప్‌లయితే, మన అలవాట్లను బట్టి వీడియోలు వడ్డించడాన్ని ఆపుకునే వీలు కూడా ఇవ్వాలి. ఆ సెట్టింగు ఎక్కడుందో పిల్లలతో కలిసి వెతకండి. మీకన్నా ముందు వాళ్లే పట్టుకుంటారు, పట్టుకోనివ్వండి.

వీడియోలు చూస్తే పాయింట్లిచ్చే టిక్‌టాక్ లైట్ పథకం పిల్లలకు వ్యసనమవుతుందేమోనని యూరోపియన్ కమిషన్ ఈ చట్టం కింద విచారణ మొదలుపెడితే, 2024లో టిక్‌టాక్ దాన్ని యూరోపియన్ యూనియన్‌లో వెనక్కి తీసుకుంది. అంటే ఈ చట్టం కాగితం మీదే ఉండిపోలేదు.

అయినా మీ అమ్మాయి గదిలో ఏం జరుగుతోందో ఏ కమిషన్‌కూ కనిపించదు. ఆమె మీకు చెప్పాలి, మీరు యాప్‌కు చెప్పాలి. ఆ తర్వాతే చట్టం కదులుతుంది. అందుకే ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అనండి: "ఫోన్లో ఏం జరిగినా నాతో చెప్పమ్మా. చెప్పినందుకు ఫోను తీసుకోను." ఆ మాట మీద నిలబడండి.